అవధాని గారి తొమ్మిది గంటల మాత్ర

రాజమండ్రిలో ఒక గుండె ఆసుపత్రి మందుల కౌంటరు వెనక ముప్పై ఏళ్ళు నిలబడ్డాను. కుర్చీ ఒకటి ఉండేది గానీ దాని మీద ఎప్పుడూ మందుల పెట్టెలే కూర్చునేవి. ఇప్పుడు రిటైరై ఇంట్లో ఉంటే నా మోకాళ్ళు ఆ ముప్పై ఏళ్ళనీ రోజూ గుర్తుచేస్తున్నాయి.

కొత్తగా బి.ఫార్మసీ పాసై ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడమ్, ఏం చదువుకుని రమ్మంటారండి?" అని అడుగుతుంటారు. చదవాల్సినవన్నీ మీ పుస్తకాల్లోనే ఉన్నాయి, అవి నాకంటే మీకే బాగా వచ్చు. నేను చెప్పగలిగింది నా తప్పుల గురించి. పెద్దవి రెండు చేశాను. మొదటిది చెబితే నవ్వుతారు. రెండోది తలుచుకుంటే నాకింకా భయమేస్తుంది. చిత్రమేంటంటే, రెండూ ఒక్క మనిషి విషయంలోనే చేశాను. ఆయన పేరు నరసింహ అవధాని గారు.

ముందు నా సంగతి

మాది సముద్రం ఒడ్డున చేపలు పట్టే కుటుంబం. మా నాన్న వేటకెళ్ళేవాడు, మా అమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి చేపలమ్మేది. మా ఇంట్లో కూర లేని పూట ఉండొచ్చు గానీ చేప లేని పూట ఉండేది కాదు. మా ఇళ్ళల్లో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్లని నేనే. కాకినాడలో చదువుకుని తెల్లకోటు వేసుకుని ఇంటికెళ్ళిన రోజున మా అమ్మ ఆ కోటుకి చేప వాసన అంటుకుంటుందని నన్ను దగ్గరికి రానివ్వలేదు. నేనే వెళ్ళి వాటేసుకున్నాను.

ఇదంతా ఎందుకంటే, మందుల చీటీ చదవడం నాకొచ్చింది గానీ ఎవరింట్లో ఏం వండుతారో, ఎప్పుడు తింటారో నాకు తెలిసేది కాదు. మా ఇంట్లో ఆకలేస్తే తింటాం, ఉంటే తింటాం. లోకమంతా అలాగే తింటుందనుకున్నాను. మీకు కూడా మీ ఇంటి కంచమే లోకం కంచంలా కనిపిస్తుంది, జాగ్రత్త.

మా పెద్ద డాక్టరు రాజు గారు. మనిషి బంగారం, నోరు మాత్రం రంపం. "ఏం నాగమణీ, పేషెంటుకి మందిచ్చావా, మాట కూడా ఇచ్చావా?" అని రోజూ అరిచేవారు. మందిచ్చి ఊరుకుంటే ఒప్పుకునేవారు కాదు. రక్తాన్ని పలచబరిచే మాత్రలు వాడేవాళ్ళందరికీ తిండి జాగ్రత్తలు చెప్పే పని నా నెత్తిన పెట్టారు. కౌంటరు పక్కన బల్ల, రెండు స్టూళ్ళు వేయించారు. ఆ స్టూలు మీదే అవధాని గారిని మొదట చూశాను.

బ్రోకలీ అంటే ఏంటమ్మా?

అవధాని గారిది కోనసీమలో గౌతమి గట్టున ఒక ఊరు. వేదం చదువుకున్న మనిషి. చుట్టుపక్కల ఏ గుళ్ళో అభిషేకం జరిగినా ఆయన గొంతు ఉండాల్సిందే. అప్పటికి ఆయనకి అరవై దాటాయి. గుండె లయ తప్పి కొట్టుకుంటోంది. అలా కొట్టుకునే గుండెలో రక్తం ఒక మూల నిలిచిపోయి గడ్డ కడుతుంది. ఆ గడ్డ మెదడుకి వెళితే పక్షవాతం. కాలో చెయ్యో పడిపోవచ్చు, మాట పోవచ్చు.

రాజు గారు ఇదంతా చెప్పగానే ఆయన అడిగింది ఒక్కటే. "కాలు పోతే కూర్చుని చదువుతాను. చెయ్యి పోతే స్వరం తలతో చూపిస్తాను. మాట పోతే నేనేం చెయ్యనండీ?"

ఆయనకి వార్ఫరిన్ మొదలుపెట్టారు. అది రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. కానీ ఆకుకూరల్లో ఉండే కె విటమిన్ దానికి అడ్డం పడుతుంది. ఆకుకూరలు ఎక్కువైతే మందు చాలదు, ఉన్నట్టుండి మానేస్తే మందు ఎక్కువై రక్తం కారుతుంది. అందుకే నెలనెలా ఐఎన్ఆర్ అని ఒక పరీక్ష. అంకె రెండుకీ మూడుకీ మధ్య ఉంటే నిశ్చింత.

నేను ఎర్ర ఇంకుతో చీటీ రాసిచ్చాను. "ఇవి ముట్టుకోకూడదు" అని పైన రాసి కింద పాలకూర, క్యాబేజీ, బ్రోకలీ, లెట్యూస్. ఎక్కడిదనుకున్నారు? పాఠ్యపుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించేశాను. అవధాని గారి భార్య సీతామహాలక్ష్మి గారు ఆ చీటీ తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని, రెండుసార్లు చదువుకున్నారు.

"బ్రోకలీ అంటే ఏంటమ్మా?"

"క్యాబేజీ లాంటిదేనండి పిన్నిగారూ. పచ్చగా ఉంటుందట."

"ఉంటుందటా? నువ్వూ చూళ్ళేదన్నమాట."

"లేదండి."

"పోనీలే, మా ఊళ్ళో దొరకదు. మానేశాం." ఆవిడ ఎంత నెమ్మదిగా అన్నారంటే, నాకు నవ్వొచ్చింది గానీ సిగ్గు రాలేదు. సిగ్గు తర్వాత వచ్చింది.

ఆషాఢం

ఆరేడు నెలలు ఆయన అంకె బుద్ధిగా ఉంది. వానలు మొదలయ్యాక ఉన్నట్టుండి ఒకటిన్నరకి పడిపోయింది. మందు మానేశారేమో అనుకున్నాం. అవధాని గారు అలాంటి మనిషి కాదు, ఖాళీ స్ట్రిప్పులు కూడా లెక్కగా సంచిలో తెచ్చి చూపించారు. రాజు గారు మోతాదు పెంచారు. రెండు వారాలకి మళ్ళీ పరీక్ష చేసి ఇంకొంచెం పెంచారు. శ్రావణం సగానికొచ్చేసరికి ఆయన పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం ఆగలేదు. మోచేతుల మీద నేరేడుపండు రంగు మచ్చలు. అంకె అయిదు దాటిపోయింది.

రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. రాజు గారు నన్ను పిలిచి, "ఏం తింటున్నారో కనుక్కున్నావా?" అన్నారు.

"కనుక్కున్నానండి. ఆకుకూరలేమీ తినట్లేదంటున్నారు అవధాని గారు."

"ఆయన్ని అడిగావా? ఆయనకేం తెలుసు! విస్తట్లో పడిందే తెలుసు. వండేదెవరు?"

అప్పుడు పిన్నిగారి పక్కన కూర్చున్నాను. ఆవిడ వేళ్ళ మీద ఒక్కో కూరా చెప్పుకొచ్చారు. వంకాయ, దొండకాయ, అరటికాయ, కంద. నెల వెనక్కి వెళ్ళి ఏం వండారో గుర్తు చేసుకోమన్నాను.

"ఆషాఢంలోనా? తెలగపిండి మునగాకు."

"ఎన్నిసార్లండి?"

"అదేంటమ్మా అలా అడుగుతావు? ఆషాఢంలో మునగాకు తినాలి కదా. పప్పులో వేస్తాను, తెలగపిండితో కూర చేస్తాను, పొడి కొడతాను. ఇంచుమించు రోజూ."

"మరి ఆకుకూరలు వద్దన్నాను కదండీ!"

ఆవిడ సంచిలోంచి నా చీటీ తీశారు. పసుపు మరక పడింది గానీ భద్రంగానే ఉంది. "ఇందులో మునగాకు లేదే? నువ్వు రాసినవి ఒక్కటి కూడా ముట్టుకోలేదు తల్లీ. క్యాబేజీ అసలే తేలేదు."

చీటీ ఆవిడ చేతిలోంచి తీసుకుని చూశాను. నిజమే. పాలకూర, క్యాబేజీ తప్ప గోదావరి జిల్లాల్లో మనిషి నోట పడే ఒక్క ఆకు కూడా అందులో లేదు. మునగాకు లేదు, గోంగూర లేదు, బచ్చలి లేదు, తోటకూర లేదు, పొన్నగంటి లేదు. ఆవిడ ఎన్నడూ చూడని బ్రోకలీ మాత్రం ఉంది. ఆషాఢమంతా మునగాకు తిని ఆయన అంకె పడిపోయింది, మేం మందు పెంచాం. శ్రావణం రాగానే మునగాకు ఆగిపోయింది, పెంచిన మందు అలాగే ఉండిపోయింది. మనిషికి రక్తం కారింది.

రాజు గారు నన్ను వార్డు మధ్యలో నిలబెట్టి తిట్టారు. "ఏ దేశంలో ఉద్యోగం చేస్తున్నావు నువ్వు? పొద్దున్నే మార్కెట్టుకెళ్ళి ఏ ఆకులమ్ముతున్నారో చూసిరా, పో!" అన్నారు. నేను నిజంగానే వెళ్ళాను. కట్టలు చూసి, అమ్మేవాళ్ళని అడిగి, కొత్త చీటీ రాసుకున్నాను.

రాజు గారు ఇంకో మాట కూడా చెప్పారు. అసలు "ముట్టుకోకూడదు" అనడమే తప్పు. మానెయ్యక్కర్లేదు, ఒక్క తీరుగా తింటే చాలు. ఎంత తింటారో ప్రతి వారం అంతే తినాలి, దానికి తగ్గట్టు మందు సర్దుకోవాలి. ఈ మాట పిన్నిగారికి చెబితే ఆవిడ మొహం వెలిగిపోయింది. "అయితే గోంగూర తినొచ్చా ఆయన?" అన్నారు. తర్వాతిసారి వచ్చినప్పుడు ఇంట్లోంచి ఒక గరిటె తెచ్చి చూపించి, "ఇదే కొలత. మంగళవారం రెండు గరిటెలు, శుక్రవారం రెండు గరిటెలు. ఆషాఢమైనా అంతే, కార్తీకమైనా అంతే" అని శపథం పట్టినట్టు చెప్పారు. ఆ గరిటె తర్వాత ఎన్నో ఏళ్ళు ఆయన్ని కాపాడింది.

అప్పట్నుంచి నేను స్టూలు మీద కూర్చున్న ప్రతి మనిషినీ అడిగే మొదటి ప్రశ్న, "మీ ఇంట్లో వండేదెవరండి?" ఈ ప్రశ్న కనిపెట్టానని నాకు చాలా గర్వంగా ఉండేది. ఆ గర్వమే నన్ను ముంచింది.

మాత్ర మార్చడం

ఏళ్ళు గడిచాయి. కొత్త రకం మాత్రలొచ్చాయి. నెలనెలా ఐఎన్ఆర్ అక్కర్లేదు, ఆకుకూరలతో గొడవ లేదు. మార్చుకోమని అందరూ పోరేవారు. మండపేట రైసు మిల్లులో పనిచేసే ఒకాయన నా బల్ల మీద గుద్ది మరీ అడిగాడు. ఆయన గుండెలో లోహపు వాల్వు ఉంది. అలాంటివాళ్ళకి కొత్త మాత్ర పనికిరాదు, వాల్వు మీదే గడ్డ కట్టేస్తుంది. "పక్క బెడ్డాయనకిచ్చారు, నాకేం తక్కువండి?" అని అలిగి వెళ్ళిపోయాడు. అలగనివ్వండి. ఈ విషయంలో మాత్రం ఎవరి మొహమాటానికీ లొంగకండి.

అవధాని గారికి వాల్వు గొడవ లేదు. కిడ్నీలు బాగున్నాయి. డెబ్బై అయిదు దాటాయి, ఆ ఏడాది జ్వరానికి వాడిన మందులతో ఐఎన్ఆర్ చిందరవందరైంది. నెలనెలా బస్సెక్కి రావడం పిన్నిగారి మోకాళ్ళ వల్ల కావడం లేదు. రాజు గారు మార్చేద్దామన్నారు.

రెండు మాత్రలూ కలిపి వేసుకోకూడదు, మధ్యలో ఖాళీ కూడా ఎక్కువ ఉండకూడదు. అందుకని పాతది ఆపించి, రోజు మార్చి రోజు పరీక్ష చేయించి, డాక్టరుగారు చెప్పిన అంకెకి దిగాక కొత్తది మొదలుపెట్టించాను. మిగిలిన పాత మాత్రలు ఇంట్లో ఉంటే ఎవరో ఒకరు పొరపాటున వేసుకుంటారని, వాటిని నా దగ్గరే తీసేసుకున్నాను. ఇంతవరకు ఎవరూ వంక పెట్టలేరు.

ఆ కొత్త మాత్ర కడుపునిండా తిండితో వేసుకోవాలి. ఖాళీ కడుపున వేసుకుంటే ఒంటికి సరిగ్గా పట్టదు. ఇంకోటి, పాత మాత్ర ఒక పూట మర్చిపోయినా రెండు మూడు రోజులు కాపు కాస్తుంది. కొత్తది ఏ రోజు కూలి ఆ రోజుకే. నాకివన్నీ తెలుసు. పిన్నిగారిని అడిగాను, "పొద్దున్న ఆయన ఎన్నింటికి తింటారండి?" అని. పూజయ్యాక తొమ్మిదింటికి ఇడ్లీయో ఉప్మాయో తింటారన్నారు. కవరు మీద పెద్దక్షరాలతో రాశాను: "ఉదయం 9 గంటలకు, ఫలహారంతో."

"ఇక ఆకుకూరలకి గరిటె కొలత అక్కర్లేదండి పిన్నిగారూ" అన్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని నవ్వారు. "ఇన్నేళ్ళకి నా గరిటెకి పెన్షనిచ్చావా!"

అది ఆశ్వయుజం. దసరా వెళ్ళిన వారం.

కార్తీకం

కార్తీకంలో మూడో సోమవారం మధ్యాహ్నం వాళ్ళ ఊరి నుంచి కారొచ్చింది. అవధాని గారిని చక్రాల కుర్చీలో లోపలికి తీసుకెళుతుంటే చూశాను. పట్టుపంచె, ఒంటి నిండా విభూతి. నన్ను చూసి ఏదో చెప్పబోయారు. నోట్లోంచి వచ్చింది మాట కాదు.

కౌంటరు ఇంకొకరికి అప్పజెప్పి పిన్నిగారి దగ్గరికెళ్ళాను. ఆవిడ ఏడవడం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పారు. పొద్దున్న గుళ్ళో రుద్రాభిషేకం. ఆయనే ముందు కూర్చుని చెబుతున్నారు. రుద్రంలో ఉన్న పదకొండు అనువాకాల్లో ఎనిమిదోదాని మధ్యలో ఆగిపోయారు. నోరు తెరిచే ఉంది. చెయ్యి మాత్రం పైకీ కిందకీ స్వరం చూపిస్తూనే ఉందట. పక్కనున్నవాళ్ళు ఆయన మర్చిపోయారనుకుని అందించారు.

"మర్చిపోవడమేంటమ్మా ఆయన! ఎనిమిదో ఏట నుంచి చెబుతున్నారు. నిద్రలో లేపినా చెబుతారు. నాకప్పుడే తెలిసిపోయింది, ఇదేదో నెత్తురు గొడవేనని" అన్నారు పిన్నిగారు.

స్కానులో మెదడులో రక్తస్రావం లేదు. చిన్న గడ్డేదో వెళ్ళి, తనంతట తానే కరుగుతున్నట్టుంది. సాయంత్రానికి మాటలు ఒక్కొక్కటీ తిరిగొచ్చాయి. ముందు తప్పు మాటలు, తర్వాత సరైన మాటలు. మంచినీళ్ళని "మంత్రం" అన్నారు, కాసేపటికి మంచినీళ్ళే అన్నారు. ఈసారి దయతలచి వెళ్ళిపోయిందని, ఇంకోసారి వస్తే మాట తిరిగి రాకపోవచ్చని రాజు గారు పిన్నిగారితో నిర్మొహమాటంగా చెప్పేశారు. మందు వాడుతున్నా ఇలా ఎందుకైందో ఆయనకీ అర్థం కాలేదు.

అడగని ప్రశ్న

నేను మంచం పక్కన నిలబడ్డాను. "అవధాని గారూ, మాత్ర ఎప్పుడైనా తప్పిందాండీ?"

ఆయనకి కోపమొచ్చింది. మాట ఇంకా కొంచెం తడబడుతోంది గానీ కోపం తడబడలేదు. "తప్పడమా? నువ్వు తొమ్మిదింటికన్నావు. రోజూ గడియారం చూసి, తొమ్మిది కొట్టగానే తీర్థంతో వేసుకున్నాను. సంధ్యావందనం ఎలాగో ఇదీ అలాగే. ఒక్కరోజు కాలాతీతం కాలేదమ్మా."

"తీర్థంతోనా? ఫలహారంతో కాదాండీ?"

ఆయన నావైపు జాలిగా చూశారు. "కార్తీకంలో ఫలహారమేంటమ్మా? నెలంతా నక్తం కదూ. నక్షత్రం చూశాకే భోజనం."

నక్తం అంటే పగలంతా ఏమీ తినకుండా, చీకటిపడి చుక్క కనిపించాక ఒక్కపూట తినడం. ఆ మాట నేను అప్పుడే విన్నాను. మూడు వారాలుగా ఈ మనిషి ఖాళీ కడుపున, పొద్దున్న తొమ్మిదింటికి, చెంచాడు నీళ్ళతో నా మాత్ర మింగుతున్నాడు. నేను కవరు మీద రెండు సంగతులు రాశాను, వేళ ఒకటి, తిండి ఒకటి. కార్తీకంలో రెండూ కుదరవు. ఇంకెవరైనా అయితే తిండి కోసం వేళని జరిపేవారు. ఈయన పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ వేళ తప్పకూడదనే బతికాడు. వేళ పట్టుకున్నాడు, తిండి వదిలేశాడు.

"నాకు చెప్పలేదేంటండీ మీరు నక్తం ఉంటారని?" అని అడిగాను.

"నువ్వడగలేదు కదమ్మా" అన్నారాయన. నిష్ఠూరమేమీ లేదు అందులో. "ఏ ఆకు తింటారని అడిగావు. ఎవరు వండుతారని అడిగావు. ఎన్నింటికి తింటారని కూడా అడిగావు. ఏ నెలలో తినరని అడగలేదు."

పిన్నిగారు కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. "నాకైనా తట్టలేదు నాగమణీ. మందు తిండి కాదు కదా, వ్రతానికి భంగం లేదులే అని ఊరుకున్నాను."

ఆ ఒక్కటే కారణమని ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేరు. మాత్ర సరిగ్గా వేసుకున్నవాళ్ళకి కూడా ఒక్కోసారి గడ్డ వస్తుంది. కానీ నాకు నేను ఆ మాట చెప్పుకుని తప్పించుకోలేదు, మీరూ అలా తప్పించుకోకండి. కవరు పట్టుకుని రాజు గారి గదిలోకెళ్ళి, "ఇది నా చేతి రాతండి, తప్పు నాది" అని బల్ల మీద పెట్టాను. వార్డు మధ్యలో నిలబెట్టి తిడతారనుకున్నాను. ఆయన లేచి, ఆయన కుర్చీ నావైపు తోసి, కూర్చోమన్నారు.

"ఆయన నా ముందు కూర్చున్న ప్రతిసారీ నుదుటి మీద విభూతి ఉంది నాగమణీ. గుండె విన్నాను, నుదురు చూడలేదు. ముందు మంచినీళ్ళు తాగు" అన్నారు. ఆ కోపిష్టి మనిషి నన్ను తిట్టకపోవడమే నాకు ఎక్కువ ఏడుపు తెప్పించింది.

ఆ తర్వాత రాజు గారూ, పిన్నిగారూ, నేనూ అవధాని గారి మంచం పక్కన కూర్చుని దారి వెతికాం. నేను ముందు నక్తం మానెయ్యమనే అందామనుకున్నాను. రాజు గారు కళ్ళతోనే వద్దన్నారు. డెబ్బై అయిదు దాటిన మనిషి అలవాటు మాన్పిస్తే, మన ముందు ఊ అని ఇంటికెళ్ళి ఎప్పట్లాగే చేస్తారు, మనకి మాత్రం చెప్పరు. పైగా అసలు దారి ఆయన వ్రతంలోనే ఉంది. ఏడాది పొడుగునా ఏ రోజైనా ఆయన తప్పకుండా తినేది రాత్రిపూట. మాత్రని ఆ పూటకి మార్చేశాం. తొమ్మిది గంటలు కొట్టేసి, "రాత్రి భోజనం మధ్యలో" అని రాశాను.

"మరి ఏకాదశికి?" అని పిన్నిగారే గుర్తుచేశారు.

"ఏకాదశి రాత్రి ఏమీ తినరాండీ?"

"ఉప్పుడుపిండి తింటారు."

"కడుపునిండా తింటారా?"

"ఆయన ఉప్పుడుపిండి తినడం నువ్వు చూళ్ళేదు" అన్నారావిడ. ఆ రోజు మొదటిసారి అందరం నవ్వాం, మంచం మీద ఆయన కూడా.

అప్పట్నుంచి నా బల్ల దగ్గర రెండో ప్రశ్న చేరింది: "మీరు తినని రోజులేవండి?" ఎంతమంది ఎన్ని చెప్పారో! శనివారాలు, మాలధారణలు, రంజాన్ నెల, క్రైస్తవులు ఉపవాసముండే శ్రమల దినాలు, కడియం నర్సరీల్లో లారీలకి మొక్కలెత్తే రోజున పొద్దున్నంతా టీ మీదే ఉండే ఆడవాళ్ళు. తినేదేంటో అడగడం మాకు కాలేజీలో చెప్పారు. తినకపోవడం గురించి ఎవరూ చెప్పలేదు. నేను చెబుతున్నాను, రాసుకోండి.

ఎనిమిదో అనువాకం

మరుసటి ఏడు నేను రిటైరయ్యాను. కార్తీకం రాగానే పిన్నిగారు ఫోన్ చేశారు. "సోమవారం సాయంత్రం అభిషేకం. ఆయనే చెబుతారు. నువ్వు రావాలి." ఆవిడ గొంతులో పిలుపుతో పాటు భయం కూడా ఉంది. ఆయన ఏడాదిగా ఇంట్లో చెబుతూనే ఉన్నారు. కానీ గుళ్ళో, నలుగురి ముందు, ఆ చోట కూర్చోవడం ఆ రోజు తర్వాత ఇదే మొదలు.

రావులపాలెం మీదుగా బస్సులో వెళ్ళాను. గుళ్ళో ఆడవాళ్ళ వైపు పిన్నిగారు నాకు తన పక్కనే చోటుంచారు. చేపలమ్మిన తల్లి కూతుర్ని, అవధాని గారి ఇల్లాలి పక్కన మోకాలికి మోకాలు ఆనించుకుని కూర్చున్నాను. మా అమ్మ ఉంటే చూసి మురిసిపోయేది.

ఆయన మొదలుపెట్టారు. నాకు మంత్రాలు రావు. ఎక్కడున్నారో పిన్నిగారి మొహం చూసి తెలుసుకుంటున్నాను. ఆవిడ వేళ్ళు ముడుస్తున్నారు. అయిదు, ఆరు, ఏడు. ఎనిమిదో వేలు ముడవగానే నా చెయ్యి పట్టుకున్నారు. ఎంత గట్టిగానంటే నా గాజు మణికట్టులోకి దిగింది. ఆయన గొంతు ముందుకెళుతోంది. ఒక చోట ఆయన కుడిచెయ్యి పైకి లేచింది, గొంతు కూడా దాంతోపాటే లేచింది, దాటిపోయింది. పిన్నిగారి చెయ్యి వదులైంది. ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు. నేను మాత్రం పమిటకొంగుతో తుడుచుకున్నాను, చాలాసేపు.

బయటికొచ్చేసరికి చీకటి పడింది. కొబ్బరిచెట్ల మీద చుక్క చూసి, దణ్ణం పెట్టుకుని ఇంటికి నడిచాం. పిన్నిగారు విస్తరి వేశారు. ముద్దపప్పు, గోంగూర పచ్చడి, కంద కూర. ఉప్పు వడ్డించే చోట ఉప్పు వడ్డించి, దాని పక్కన ఒక చిన్న ఆకుముక్క వేసి, అందులో మాత్ర వడ్డించారు.

ఆయన సగం అన్నం తిన్నారు. ఆగి, మాత్ర తీసి నోట్లో వేసుకుని నీళ్ళు తాగారు. తర్వాత గుమ్మం దగ్గర పీట మీద కూర్చున్న నా వైపు తిరిగారు.

"ఏమ్మా నాగమణీ, కాలాతీతం కాలేదు కదా?"

"లేదండి అవధాని గారూ" అన్నాను. "సరిగ్గా వేళకే."

ఆయన తలూపి, గోంగూర ఇంకాస్త వడ్డించమన్నారు. పిన్నిగారు ఆ పాత గరిటెతోనే, కొలత చూడకుండా వడ్డించారు.